గద్దెకు గ్రానైట్, జమ్మి మొదలుకు సిమెంటు

ఇప్పుడే జమ్మి దగ్గర్నుంచి వచ్చాను. కోపానికి చేతులు ఇంకా వణుకుతున్నాయి.

మా నల్లగొండ కాలనీలో జమ్మి గద్దె పగుళ్లిచ్చిందని అందరం చందాలు వేసుకున్నాం. ఈ సాయంత్రం పూజకు పోతే చుట్టూ నల్ల గ్రానైట్, దాని మీద చందా ఇచ్చినోళ్ల పేర్లు. నాదీ ఉంది. తర్వాత మొదలు చూశాను. బెరడును అంటుకునే దాకా సిమెంటు పోశారు, వేలు దూరే సందు లేదు. చెంబుతో నీళ్లు పోస్తే చుక్క కూడా లోపలికి దిగలేదు, రాయి మీద జారి నా కాళ్ల మీదికే వచ్చాయి. ఇంక ఆ వేర్లు ఏం తాగాలి?

పైన ఇంకో ఘోరం. బంగారమని పంచుకోడానికి గుప్పెడు ఆకు చాలు కదా! ఒక పిల్లగాడు చేతి లావు కొమ్మే విరిచి భుజానేసుకున్నాడు. వద్దు బిడ్డా అంటే వాళ్ల నాయన, "పండగ పూట ఏం లొల్లి సార్ ఇది" అని నా మీదికొచ్చాడు.

ఈ చెట్టు కోసం మనుషులు ప్రాణాలిచ్చారయ్యా! రాజస్థాన్‌లో ఖేజ్రీ అనేది మన జమ్మినే. 1730లో జోధ్‌పూర్ రాజు అభయ్‌సింగ్ కొత్త మహలుకు సున్నం కాల్చాలని, కట్టెల కోసం ఖేజర్లీ ఊరికి మనుషుల్ని పంపాడు. అమృతాదేవి అనే తల్లి, పచ్చని చెట్టు నరకడం పాపమనుకునే బిష్ణోయి సమాజం ఆమెది, చెట్టును వాటేసుకుని నిలబడింది. ఆమెనూ ముగ్గురు ఆడపిల్లల్నీ నరికారు. ఊళ్ల జనం ఆగారా? చెట్టుకొకరు చొప్పున పట్టుకుని మొత్తం 363 మంది పోయారు. సెప్టెంబర్ 11న దేశమంతా అటవీ అమరుల దినం జరిపేది వాళ్లను తలుచుకునే. అదే జమ్మిని మనం రాష్ట్ర వృక్షం చేసుకున్నాం.

నాకు పాత మంట కూడా ఉంది. మా తాత చెలకలో ఒక జమ్మి ఉండేది. దాని కిందే జొన్న వేసేవాడు, మేకలకు రెమ్మలు కోసేవాడు, మొదలు మీద మాత్రం గొడ్డలి పడనిచ్చేవాడు కాదు. ఆ చెలక కొని ప్లాట్లు చేసినోళ్లు చెట్టును ఉంచుతామని మాటిచ్చి, ఒకరోజు పొద్దున్నే జేసీబీతో లేపేశారు. నేను పోయేసరికి గుంత మిగిలింది, అందులో తెగిన వేర్లు ఇంకా తడిగా ఉన్నాయి. ఆ రోజు నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

ఈసారి మూసుకోను. రేపు పొద్దున సుత్తి, ఉలి పట్టుకుని పోతున్నా. మొదలు చుట్టూ రెండు మూరల మేర పగలగొడతా. నా పేరున్న రాయి మొదలు పక్కనే ఉంది, ముందు దాన్నే లేపుతా. వచ్చేవాళ్లు గడ్డపార తెచ్చుకోండి.