‘అన్నీ నెట్‌లో ఉన్నాయి, ఇక గ్రంథాలయాలెందుకు?’ అనే సందేశానికి జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: పుస్తకాలన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, ఏ సందేహం అడిగినా కృత్రిమ మేధ చెబుతుంది, లైబ్రేరియన్లు పాత రిజిస్టర్లు వదలరు, గ్రంథాలయాలకు వచ్చేది పోటీ పరీక్షల అభ్యర్థులే, కాబట్టి ఇంటిపన్నుతో వసూలు చేసే గ్రంథాలయ సెస్సు ఎత్తేయాలి. బాగా చదువుకున్నవారు కూడా దీన్ని నలుగురికీ పంపుతున్నారు కనుక ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

‘పుస్తకాలన్నీ నెట్‌లో ఉన్నాయి.’ నెట్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాల్లో ఏదో ఒకటి తెరవండి. చాలావాటి మొదటి పుటల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం చీటీ కనిపిస్తుంది. తిరిగి ఇవ్వాల్సిన తేదీ గురించిన హెచ్చరిక కూడా ఆ చీటీ మీదే ఉంటుంది. 2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రాజెక్టు కింద వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మన చిత్తూరు జిల్లావాడు రాజ్ రెడ్డి దీనికి ముఖ్య ప్రేరకుల్లో ఒకరు. అయితే స్కాన్ చేయడానికి ముందు పుస్తకమంటూ ఉండాలి కదా. దశాబ్దాల పాటు చెదల నుంచి, చెమ్మ నుంచి వాటిని కాపాడింది గ్రంథాలయాలే. పైగా కొన్నేళ్లకు ఆ ప్రాజెక్టు వెబ్‌సైటే మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ భాండాగారంలో ప్రతులు ఎక్కించినవారి పుణ్యమా అని చాలా పుస్తకాలు మనకు దక్కాయి. వాటిలో పుటలు ఎగిరిపోయినవి, అక్షరాలు అలికినట్టు పడినవి తక్కువేమీ కాదు. అలాంటి చోట మళ్లీ బీరువాలోని అసలు ప్రతి దగ్గరికే వెళ్లాలి.

ఆ పుస్తకాలను వెతకడం మరో యాతన. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు ఎక్కించారు. రచయిత పేరు ఉండాల్సిన చోట సంపాదకుడిదో ప్రచురణకర్తదో ఉంటుంది. పుస్తకం అక్కడే ఉన్నా దొరకదు. కేటలాగు తయారీ తెలిసిన మనిషి ఆ పని చేసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. లైబ్రేరియన్ అవసరం తీరిపోయిందని చెప్పేవారు ముందు ఈ ఒక్క విషయానికి సమాధానం చెప్పాలి.

ఇక కొత్త పుస్తకాల సంగతి. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. 1983లో మరణించిన కవి రచనలకు 2043 చివరి వరకు హక్కులు ఉన్నట్టే. వాటిని డబ్బు పెట్టకుండా, న్యాయంగా చదవాలంటే సామాన్యుడికి దారి గ్రంథాలయమే. సొంత ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం డిజిటల్ రూపంలో దాచుకునే వీలును 2012 నాటి కాపీరైటు సవరణ వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయాలకు కల్పించింది. ఆ వీలు అందరికీ లేదు.

‘కృత్రిమ మేధ చెబుతుంది.’ చెబుతుంది, లేని పుస్తకాల పేర్లు కూడా అంతే ధీమాగా చెబుతుంది. తెలుగు విషయంలో ఇంకో చిక్కుంది. స్కాన్ చేసిన పుటలు చాలావరకు బొమ్మలు మాత్రమే. అరసున్నలు, బండి ఱలు, కిక్కిరిసిన వత్తులున్న పాత అచ్చును యంత్రం తప్పులు లేకుండా చదవడం ఇప్పటికీ కష్టమే. యంత్రం సరిగ్గా చదవలేని పుస్తకం గురించి అది నమ్మకంగా ఏం చెప్పగలదు?

‘లైబ్రేరియన్లు మారరు.’ ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన మాట. వెబ్ పుట్టకముందే, 1960లలో, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రామ్ పుస్తక వివరాలను కంప్యూటర్ చదివే రూపంలోకి మార్చారు. 2000 సంవత్సరం వస్తే తమ పాత సాఫ్ట్‌వేర్ పనిచేయదని తెలిసిన న్యూజిలాండ్‌లోని హోరోవెనువా గ్రంథాలయం ఖరీదైన సరుకు కొనకుండా కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌ను రాయించి, అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. మన దేశంలో ఎన్నో విశ్వవిద్యాలయాలు, కళాశాలలు నేడు దాన్నే వాడుతున్నాయి. ఇంకా వెనక్కి వెళితే, 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం కాలువల్లో పడవల మీద పుస్తకాలను ఊళ్లకు పంపారు. అప్పటికి అందుబాటులో ఉన్న రవాణా అదే. ఇవాళ కొన్ని శాఖా గ్రంథాలయాల్లో చేతిరాత రిజిస్టరే ఉందంటే, అక్కడ కంప్యూటర్ ఉందా, నడిపే ఉద్యోగి ఉన్నాడా అని చూడాలి. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పోస్టుకు మొండితనం అంటగట్టడం అన్యాయం.

‘వచ్చేది పోటీ పరీక్షల అభ్యర్థులే.’ రానివ్వండి. ఇరుకు గదుల్లో ఉండేవారికి కూర్చోవడానికి కుర్చీ, నిశ్శబ్దం, నాలుగు దినపత్రికలు కావాలి. వాటిని ఫోను ఇవ్వలేదు.

చివరిది సెస్సు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు. దీన్ని స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల అది జమ కాక బకాయిలు పేరుకుపోతున్నాయి. పుస్తకాలు కొనకపోవడానికి, కంప్యూటర్లు రాకపోవడానికి పెద్ద కారణం ఇదే. ఈ సందేశం పంపినవారు తమ పురపాలక సంఘానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు: గత అయిదేళ్లలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, అందులో ఎంత జమ చేశారు? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ లెక్కను అదే గ్రూపులో పెట్టండి.