నలభై పిల్లులు, యాభై రూపాయలు

కర్నూలు పాతబస్తీలో ఓ రేకుల ఇంట్లో నలభై పిల్లులున్నాయనుకుందాం. మే నెల ఎండకు రేకు కాలుతోంది, సందు మొదట్లోనే ఉచ్చ ఘాటుకు కళ్లు మండుతున్నాయి. ఇంటాయన మాత్రం తాను మూగజీవాలను ఉద్ధరిస్తున్నానని నమ్ముతాడు. ఆయనకు తోడు మన చట్టానికీ దయ ఎక్కువే.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో జంతువులను పోగేయడం అనే నేరమే లేదు. మెసలడానికి వీల్లేని బోనులో పెట్టడం, చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం మాత్రం సెక్షన్ 11లో ఉన్నాయి. తొలిసారి దొరికితే జరిమానా పదికి తగ్గదు, యాభైకి మించదు. వేలు కాదు, రూపాయలే. ఉగ్గాని బజ్జీ తిని టీ తాగితే అంతకంటే ఎక్కువ బిల్లవుతుంది. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే చట్టం ఉగ్రరూపం దాలుస్తుంది: 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ.

పైగా ఇది నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. మీ కాగితం డైరీలో రాసుకుని కోర్టుకు పొమ్మంటే వాళ్లను తప్పుపట్టడానికి లేదు. నేరం జరిగిన మూడు నెలల్లో కేసు వేయకపోతే సెక్షన్ 36 తలుపు మూసేస్తుంది.

అందుకే ఫిర్యాదులో "కంపు కొడుతోంది సార్" అని రాయకండి, ఇరుగుపొరుగు తగాదా కింద జమకడతారు. తేదీ పడే ఫొటోలు తీయండి. ఎండిపోయిన నీళ్ల గిన్నె, దాని అడుగున పాచి, పక్కన పుసులతో కళ్లంటుకుపోయిన పిల్ల కనిపించాలి. పశువైద్యుడి నివేదికలో ఎముకలు తేలడం, గజ్జి, బొచ్చు ఉండలు కట్టడం విడివిడిగా ఉండాలి. తిండి పెట్టలేదనడానికి సాక్ష్యం అదే.

ఇంకో దారి ఆర్డీవో. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 152 కింద ప్రజలకు ఇబ్బందిగా ఉన్నదాన్ని తొలగించమని ఆయన ఆదేశించవచ్చు. పిల్లి ఆకలికి యాభై రూపాయల విలువ, పక్కింటి ముక్కుకు ఏకంగా ఆర్డీవో ఆదేశం!

సరే, పట్టుకున్నారు. పెట్టేదెక్కడ? బందెలదొడ్డి పశువులకే. కార్పొరేషన్ కుటుంబ నియంత్రణ బండి వీధికుక్కల కోసం. ప్రతి జిల్లాకూ జంతు హింస నివారణ సంఘం ఆరు నెలల్లో ఏర్పాటు కావాలని 2001 నిబంధనలు చెప్పాయి. మీ జిల్లా సంఘం ఆఫీసు ఎక్కడుందో సోమవారం గ్రీవెన్స్‌లో ఓ అర్జీ పెట్టి చూడండి, కలెక్టరేట్‌లో గదులన్నీ పరిచయమవుతాయి. కేసులో పట్టుకున్న జంతువుల సంరక్షణపై వచ్చిన 2017 నిబంధనల ప్రకారం పోషణ ఖర్చుకు యజమాని చేత బాండు రాయించాలి. అది ఎంతకు రాయించాలో తేలేలోగా పిల్లులు ఎవరింట్లో ఉంటాయి? ఆయనింట్లోనే.

ఈలోగా వాయిదా పడుతుంది. వాయిదా రెండు నెలలు, పిల్లి కడుపూ సుమారు రెండు నెలలే. ఈతకు నాలుగైదు పిల్లలు. అంటే ప్రతి వాయిదాకూ కేసు ప్రాపర్టీ, అంటే కేసులో పట్టుకున్న సొత్తు, పెరుగుతుంది, పంచనామా మళ్లీ రాయాలి. అయిదారు నెలల పిల్ల కూడా ఎదకొస్తుంది కాబట్టి, జప్తు రోజే ఆడపిల్లులన్నిటికీ ఆపరేషన్ చేయించమని కోర్టును అడగాలి. ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో తేల్చడానికి మాత్రం ఇంకో వాయిదా కావాలి.