రోగి నిర్భయంగా చెప్పగలిగితేనే సరిహద్దుకు రక్షణ

2003లో సార్స్ అనే శ్వాసకోశ అంటువ్యాధి వ్యాపించినప్పుడు కెనడా తన విమానాశ్రయాల్లో లక్షలాది ప్రయాణికులను ప్రశ్నపత్రాలతో, శరీర ఉష్ణోగ్రతను పసిగట్టే కెమెరాలతో తనిఖీ చేసినా ఒక్క సార్స్ రోగి కూడా పట్టుబడలేదు. ‘పట్టుబడటం’ అన్న మాటలోనే అసలు లోపం ఉంది. దొరికితే శిక్ష తప్పదనుకున్న మనిషి జ్వరం మాత్ర వేసుకుని మరీ వరుసలో నిలబడతాడు. ఎబోలా వంటి వ్యాధి సోకాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 21 రోజులు పడుతుంది కాబట్టి, ఆ లోపు సరిహద్దు దాటేవారిని ఏ కెమెరా గుర్తించలేదు.

2007లో మందులకు లొంగని మొండి క్షయ ఉన్న ఒక అమెరికన్ ప్రయాణికుడు, విమానం ఎక్కవద్దని అధికారులు చెప్పినా వినకుండా ప్రాగ్ నుంచి మాంట్రియల్ చేరి, అక్కడి నుంచి కారులో స్వదేశంలోకి వెళ్లిపోయాడు. ఆపమన్న హెచ్చరిక కంప్యూటర్‌లో కనిపిస్తున్నా, మనిషి ఆరోగ్యంగానే ఉన్నాడని సరిహద్దు అధికారి వదిలేశాడు. పరాయి దేశంలో చిక్కుకుపోతే తగిన చికిత్స అందదని భయపడ్డానని ఆయన తర్వాత చెప్పాడు. ఆయన చేసింది ముమ్మాటికీ తప్పే. కానీ ఆ భయాన్ని తీర్చే ఏర్పాటు లేనంతకాలం ఇలాంటివారు మళ్లీ మళ్లీ బయలుదేరుతూనే ఉంటారు.

అదే ఏడాది జూన్ 15న అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. ప్రయాణికుల గౌరవానికి భంగం కలగకూడదని, విడిగా ఉంచినవారికి ఆహారం, వసతి, వైద్యం అందించాలని 32వ అధికరణ చెబుతుంది. ప్రజారోగ్య రక్షణ కోసం చేసే వైద్య పరీక్షకు, క్వారంటైన్‌కు సాధారణ ప్రయాణికుల నుంచి రుసుము తీసుకోరాదన్నది 40వ అధికరణ. అయినా కోవిడ్ కాలంలో, 2021లో బ్రిటన్ హోటల్ క్వారంటైన్‌కు మనిషికి 1,750 పౌండ్లు వసూలు చేసింది. ఇది ఆ నిబంధన స్ఫూర్తికి పూర్తిగా విరుద్ధమని నా అభిప్రాయం.

పైగా ప్రయాణంలో తీవ్రంగా జబ్బుపడేవారిలో చాలామందిది గుండెపోటు, పక్షవాతం వంటి సమస్యే తప్ప అంటువ్యాధి కాదు. వారికి కావలసింది తనిఖీ కాదు, క్షణం ఆలస్యం చేయని అంబులెన్స్. క్షయ విషయంలో సైతం సాధారణంగా 8 గంటలు లేదా అంతకు మించిన విమాన ప్రయాణంలో, రోగి వరుసతో పాటు ముందూ వెనకా రెండేసి వరుసల వారినే వెతికి పరీక్షిస్తారు. ప్రమాదానికి ఇలా హద్దులు తెలిసినప్పుడు, రోగికి మాస్కు ఇచ్చి దూరంగా కూర్చోబెట్టి, దిగే చోటుకు ముందే కబురు పంపడం సిబ్బందికి అసాధ్యమేమీ కాదు.

మిగిలిన పెద్ద చిక్కు టికెట్‌ది. ఆ అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ప్రభుత్వాలకు బాధ్యతలు పెట్టాయే గానీ, ప్రయాణం మానుకున్న రోగికి డబ్బు వాపసు ఇవ్వాలని రవాణా సంస్థలకు చెప్పలేదు. వైద్యుడి ధ్రువపత్రం చూపినవారికి అదనపు రుసుము లేకుండా తేదీ మార్చుకునే హక్కును ప్రతి దేశమూ చట్టంలో రాయాలి.