కూర్చుని పాటలు వింటున్నారట!

కడపలో జాజ్ రికార్డులు తిప్పుకునే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేయొచ్చు. ఆ కొద్ది ఇళ్ళ మీదా ఊళ్ళో ఒక నింద నడుస్తోంది, వీళ్ళు పనీపాటా లేక కూర్చున్నారని. ఇది సగం అబద్ధం. పని బోలెడుంది. లేనిది పాటే.

సాయంత్రం ఏడురోడ్ల దగ్గర టీ గ్లాసు పట్టుకుని వీళ్ళు ఒకరినొకరు అడిగే మాట ఒక్కటే: "ఏం తిరగతాంది అన్నా?" పక్క బెంచీ మీదాయన గ్రైండరు సంగతేమో అనుకుంటాడు. జవాబు వస్తుంది: "మైల్స్ డేవిస్, కైండ్ ఆఫ్ బ్లూ. మోనో. ఆరు కళ్ళ లేబులు." అడిగినాయన కళ్ళు మూసుకుని తల ఊపుతాడు. ఆరు కళ్ళంటే గ్రామదేవత కాదు. కొలంబియా కంపెనీ అప్పట్లో రికార్డు మధ్య కాగితం మీద అటు మూడు, ఇటు మూడు వేసిన కంటి గుర్తులు. మోనో అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం. ఆ ఆల్బమ్‌లో మైల్స్ డేవిస్ బాకా ఎట్లా ఊదినాడని అడగడం ఈ సభలో మర్యాద కాదు. అడిగితే పాపం ఇంటికెళ్ళి వినాల్సొస్తుంది.

వినడానికి తీరిక ఏదీ? మొదట బండ సంగతి చూడాలి. రికార్డు తిప్పే యంత్రం, అంటే టర్న్‌టేబుల్ కింద కదలని బరువు ఉండాలని శాస్త్రం. చెక్క నేలలున్న దేశాల్లో మనిషి నడిస్తే నేల ఊగుతుంది, నేల ఊగితే సూది ఎగురుతుంది. అందుకని అక్కడివాళ్ళు డబ్బు పోసి రాతి పలక కొనుక్కుంటారు. కడపలో ఇంటి నేలే నాపబండ. పెళ్ళివారంతా ఒక్కసారి లేచి భోజనాలకు పరిగెత్తినా అది కదలదు. అయినా లేని జబ్బుకు మందు మింగడంలోనే కదా భక్తి! రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందంతో ఒక బండ కోయిస్తారు, అంచులు నున్నగా పట్టిస్తారు. సుమారు 19 కిలోలు తూగే ఆ బండను ఇద్దరు మోసుకొచ్చి ఎక్కడ పెడతారంటే, ఒక కాలు పొట్టిదైన ప్లైవుడ్ టీవీ స్టాండు మీద. ఇంతకుముందు యంత్రం ఒక్కటే ఊగేది, ఇప్పుడు బండతో సహా ఊగుతుంది. పైగా వట్టి రాయిని వేలితో తడితే కంచంలా మోగుతుంది. ఆ మోత చావాలంటే కింద నాలుగు మూలలా సగానికి కోసిన టెన్నిసు బంతులో, లారీ ట్యూబు ముక్కలో పెట్టాలి. నిజం చెప్పాలంటే ఇంట్లో అన్నిటికన్నా గట్టి చోటు వంటింటి గట్టే. అక్కడ పెడదామని అన్నవాళ్ళెవరూ రెండోసారి అనలేదు.

బండ కుదిరాక మేస్త్రీని బతిమాలి రసమట్టం తేవాలి. రికార్డు తిరిగే పళ్ళెం ఒక పక్కకు ఒరిగితే సూది కూడా ఆ పక్కకే వాలి, రికార్డు గాడిలో ఒక గోడనే ఎక్కువ రాస్తుంది. ఆ తర్వాతది తూకం. సూది ఎంత బరువుతో కూర్చోవాలో దాన్ని చేసినవాడే చెబుతాడు: ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు, ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు. సూదిని మోసే చేతికి వెనకున్న బరువును తిప్పుతూ ఆ చేయి గాల్లో అడ్డంగా తేలేదాకా తేవాలి. అప్పుడు అంకెల బిళ్ళ ఒక్కదాన్నే సున్నా మీదికి జరిపి, ఆపైన బరువునూ బిళ్ళనూ కలిపి చెప్పిన అంకె దాకా తిప్పాలి. చేయి లోపలికి జారకుండా ఆపే యాంటీస్కేటింగు కూడా అదే అంకె మీద పెడితే అయిపోయింది. ఐదు నిమిషాల పని. కానీ పక్కనే ప్రొద్దుటూరు ఉండటం మన దురదృష్టం. తూకమంటే మనవాళ్ళకు బంగారం తూకమే. గ్రాములో నూరో వంతు చూపే కాటా తెప్పించి, 1.79 చూపితే ఆ రాత్రికి నిద్రపోరు.

ఇంకో రకం ఉంటాడు, జాలిగుండెవాడు. రికార్డు అరుగుతుందేమోనని 1.2 గ్రాములే పెడతాడు. ఇదే ఎక్కువ హాని. గట్టి స్వరం వచ్చినచోట తేలిక సూది గాడిని అంటిపెట్టుకోలేక రెండు గోడలకూ కొట్టుకుంటుంది. ఆ దెబ్బ ఇక పోదు. చెప్పిన హద్దులో కాస్త బరువు వైపే ఉండటం మేలు.

తర్వాత స్నానం. బోరు నీళ్ళు పనికిరావు. బకెట్టు అడుగున పట్టిన తెల్లటి పొరే ఆరాక గాళ్ళలోనూ పడుతుంది, అది చిటపటలాడుతుంది. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాన్లలో దొరుకుతుంది. అదే షాపులో అలాంటి క్యాన్లలోనే యాసిడ్ కూడా ఉంటుంది గనుక చీటీ రెండుసార్లు చదవాలి. లీటరు నీళ్ళకు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు చాలు. మెత్తటి బ్రష్షుతో గాడి తిరిగిన వైపే గుండ్రంగా రుద్ది, మధ్య కాగితం తడవకుండా వట్టి డిస్టిల్డ్ నీళ్ళతో జాడించి, గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడన ఆరబెట్టాలి. ఫెవికాల్ పూసి, ఎండాక పొరలా ఒలిచే మొండి వైద్యం కూడా ఉంది. పూత పలచనైతే పొర తునిగి, సాక్సోఫోను మీద ముక్కలు ముక్కలుగా అతుక్కుపోతుంది. ఇంట్లో పెద్దామె ఇదంతా చూసి, "ఏంది అబ్బీ, పాటల ప్లేటుకేమో క్యాను నీళ్ళు, మాకేమో బోరు నీళ్ళా?" అంటుంది. దీనికి ఈ శాస్త్రంలో జవాబు లేదు.

ఆరిన రికార్డుకు అసలు శత్రువు ఫ్యాను. మన ఎండాకాలపు పొడి గాలికి రికార్డు ఒరలోంచి తీయగానే చిటచిటమని కరెంటు పుట్టి, గదిలోని దుమ్మునంతా పిలిచి మీద వేసుకుంటుంది. ఆ దుమ్మును అందించేది ఫ్యాను. కాబట్టి మే నెలలో, 44 డిగ్రీల్లో, ఇంటిల్లిపాదీ ఫ్యాను ఆపుకుని కూర్చోవాలి. కార్బన్ బ్రష్షును తిరిగే రికార్డు మీద రెండు మూడు చుట్లు ఊరికే ఆనించి, మెల్లగా అంచు వైపు లాగి ఎత్తేయాలి. నుదుటి చెమట చుక్క లేబులు మీద పడకుండా తువ్వాలు కట్టుకోవాలి. మగ్గానికి కూర్చున్న మనిషి కూడా ఇంత చెమటోడ్చడు. రికార్డులను మాత్రం నిలబెట్టే ఉంచాలి. కిటికీ పక్క ఎండలోనో, తలుపులేసిన కారులోనో మధ్యాహ్నం మరిచిపోతే కారం దోశ అంచులా లేస్తాయి. రెండు బండల మధ్య వారాల తరబడి నొక్కిపెడితే కొన్ని దారికొస్తాయి, కొన్ని రావు.

అమెరికా అల్లుళ్ళు మామలకు తెచ్చే టర్న్‌టేబుళ్ళది వేరే కథ. 110 వోల్టుల యంత్రాన్ని 230కి పెడితే కాలిపోతుందని ట్రాన్స్‌ఫార్మర్ కొంటారు. వోల్టులు తగ్గుతాయి గానీ కరెంటు సెకనుకు అటూ ఇటూ ఊగే లెక్క అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50 హెర్ట్జే. పాత రకం ఏసీ మోటారు ఆ అంకెను నమ్ముకునే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది 28 కూడా తిరగదు. శ్రుతి మూడు స్వరస్థానాలు కిందికి జారుతుంది. 50 హెర్ట్జ్‌కు చేసిన పెద్ద పుల్లీ వేస్తే సరిపోయేది. కానీ మామగారు నెలల తరబడి అదే జాజ్ అనుకుని, "ఎంత నిదానం, ఎంత గాంభీర్యం!" అని మెచ్చుకున్నాక నిజం చెప్పేదెవరు? చెబితే ఎదురు వాదం సిద్ధంగా ఉంటుంది. 1959 మార్చి 2న కైండ్ ఆఫ్ బ్లూ రికార్డు చేసిన రోజు టేపు యంత్రం నెమ్మదిగా నడిచింది. అందుకే పాత ముద్రణల్లో మొదటి వైపున్న మూడు పాటలూ కాస్త వేగంగా, శ్రుతి ఎక్కి వినిపిస్తాయి. కంపెనీ దాన్ని 1992లో గానీ సరిచేయలేదు. "వాళ్ళు ముప్పై ఏళ్ళకు దిద్దిన తప్పును నా మిషను మొదటి రోజే దిద్దింది" అంటారు మామగారు. తప్పు పావు స్వరమంత, దిద్దుబాటు దానికి ఎన్నో రెట్లు. అయినా అల్లుడు తెచ్చిందాన్ని అనకూడదు.

ఇన్ని చేసి మిగిలిన కాస్త వేళ పరిశోధనకు. బ్లూ నోట్ కంపెనీ పాత రికార్డుల్లో పాట అయిపోయాక మిగిలే నున్నటి అంచులో చెవి ఆకారంలో చిన్న గీత ఉంటుంది. ప్లాస్టిలైట్ అనే ముద్రణశాల పెట్టిన ఇంగ్లీషు 'పి' అక్షరం అది. 1966 ప్రాంతం నుంచి అది కనబడదు. పక్కనే రూడీ వాన్ గెల్డర్ అనే రికార్డింగు ఇంజినీరు గుర్తు. ఫోను లైటు పక్కనుంచి వాలుగా వేస్తేనే ఇవి తేలతాయి. చెవి ఉంటే ఒక ధర, లేకపోతే ఇంకో ధర. అందుకే అమ్మేవాడు ముందు రికార్డు చెవి చూపిస్తాడు, తర్వాత కొనేవాడి చెవిలో పువ్వు పెడతాడు. కలకత్తా డమ్‌డమ్‌లో ముద్రించిన రికార్డు అదే పాటను శుభ్రంగా పాడుతున్నా దాన్ని ఈ సభలో చెప్పులు వదిలే చోటే ఉంచుతారు.

ఇంత చెప్పాక, విన్నవాళ్ళు అసలు లేరనడం కూడా అన్యాయమే. డేవ్ బ్రూబెక్ బృందం వాయించిన టేక్ ఫైవ్ తిరుగుతుంటే వరండాలో చింతపండు గింజలు తీస్తున్న పెద్దామె తొడ మీద తాళం వేసి, "ఖండచాపే గానీ వీళ్ళు తిరగేసినారు. తక తకిట కాదు, తకిట తక" అని తేల్చేసింది. సరిగ్గా అంతే, ఖండచాపులో రెండూ మూడూ, ఇక్కడ మూడూ రెండూ. ఇంటాయన ఆ సమయంలో రికార్డు అట్ట మూలకు పాలిథీన్ కవరు తొడుగుతున్నాడు.

జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ ఎ లవ్ సుప్రీమ్‌కు మొదటి వైపు 15 నిమిషాలే. లేచి తిప్పాలి. రాత్రి పదికి అది అయిపోయింది. సూది చివరి గాడిలో పడి 1.8 సెకన్లకోసారి టక్కు టక్కుమంటోంది. ఆయన కాటా ముందు పెట్టుకుని కుర్చీలోనే నిద్రపోయాడు. ఫోను మోగితే పెద్దామె తీసింది.

"ఏం తిరగతాంది అన్నా?"

"ఫ్యాను తిరగతాంది నాయనా. ఇప్పుడే వేసినా."