సిజేరియన్ల నేరమంతా ముహూర్తం మీదేనా?

తెలంగాణలో సిజేరియన్ల మాట ఎత్తితే చాలు, అందరూ పంతులుగారినే తప్పుపడతారు. నక్షత్రం చూసుకుని ఆపరేషన్‌కు వచ్చే కుటుంబాలు ఉన్న మాట నిజమే. కానీ జాతకాలు రాజస్థాన్‌లోనూ చూస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం అక్కడ సిజేరియన్లు 10 శాతమే. తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం! సర్కారు దవాఖానాల్లోనూ 44.5. ఇంత తేడాకు పంచాంగం ఒక్కటే కారణమంటే నమ్మలేం.

అసలు చిక్కు సమయంతో. తొలికాన్పు నొప్పులు పన్నెండు గంటలు దాటడం మామూలే. అంతసేపు పక్కన ఉండి, ధైర్యం చెప్పి, బిడ్డ గుండె చప్పుడు వింటూ ఉండే మనిషి కావాలి. ఆపరేషన్ గంటలో ముగుస్తుంది, బిల్లూ పెద్దదే. పైగా నొప్పులంటే ఏమిటో, ఎలా ఓర్చుకోవాలో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పరు. భయపడి ‘కోసేయండి’ అంటే ఆమెను తప్పుపట్టడం అన్యాయం. పురిటి గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. ఎన్ని ఆసుపత్రుల్లో తల్లినో అక్కనో లోపలికి రానిస్తున్నారు?

బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డొచ్చినా, బిడ్డ గుండె వేగం పడిపోయినా ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది. అందులో వాదన లేదు. అవసరం లేని కోత సంగతే వేరు. 39 వారాలు నిండకముందే ముహూర్తం కుదిరిందని బయటికి తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు పెరుగుతాయి. మలికాన్పులో మాయ పాత కుట్టు దగ్గర అతుక్కుపోయి రక్తస్రావమయ్యే ముప్పూ ఉంది. ఈ ముక్కలు ఆరో నెల చెకప్‌లోనే డాక్టర్‌ను అడగాలి: ఇక్కడ ఎంతమందికి మామూలు కాన్పు అవుతోంది, రాత్రి నొప్పులొస్తే ఎవరుంటారు, మొదటిది ఆపరేషనైతే రెండోది మామూలుగా ప్రయత్నిస్తారా అని. తొమ్మిదో నెలలో సంతకం పెట్టే వేళకు అడిగి లాభం లేదు.

తెలంగాణ ప్రభుత్వం నర్సులకు మిడ్‌వైఫరీలో, అంటే మామూలు కాన్పు దగ్గరుండి చేయించే పనిలో, శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. నా దృష్టిలో ఈ సమస్యకు అదే సరైన మందు, కాకపోతే మోతాదు చాలడం లేదు.

ఆపరేషన్ అయ్యాక ఇంకో కథ. అదే సర్వే ప్రకారం పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు తెలంగాణలో 37 శాతమే. మత్తు దిగాలి, కుట్లు నొప్పి అంటూ ముర్రుపాల వేళ జారిపోతోంది. ఆ సర్వేలో రాష్ట్రంలోని గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. అలాంటి మనిషిని కోసి ఇంటికి పంపితే, పథ్యం పేరుతో ఆకుకూరలు మానిపించి, మంచినీళ్లు కూడా లెక్కపెట్టి ఇస్తాం. కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాల్సిన ఐరన్ మాత్రలేమో ‘వేడి చేస్తాయి’ అన్న ఒక్క మాటతో అటకెక్కుతున్నాయి.