గ్యాస్ అయిపోయింది సార్!

కొత్తవాళ్లను నమ్మడం నేర్చుకోండి, ఊరికే అనుమానపడితే ఒంటికి మంచిది కాదు అని హితవు చెప్పే పెద్దమనుషులకు లోకంలో కొదవ లేదు. వాళ్లెవరి ఇంట్లోనూ ఏసీ లేదని రూఢిగా చెప్పొచ్చు. ఉంటే, ఎండలు ముదిరాక గది చల్లబడటం మానేసిన రోజున, భుజాన సంచీతో వచ్చిన మెకానిక్ నోటి వెంట ఆ వాక్యం వినే ఉండేవారు: "గ్యాస్ అయిపోయింది సార్."

ఈ వాక్యానికి తిరుగులేదు. ఏసీ నీళ్లు కార్చినా గ్యాసే, చప్పుడు చేసినా గ్యాసే. రిమోట్‌లో బ్యాటరీలు తిరగేసి పెట్టినా గ్యాసే అంటారని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు గానీ, దానికి ఇంకా రుజువు దొరకలేదు.

ఇంతకీ ఆ గ్యాస్ ఎలా అయిపోతుంది? పనిచేసినందుకు ఖర్చయ్యే సరుకు కాదది. కంప్రెసర్ దాన్ని నొక్కి బయటి కాయిల్‌లోకి తోస్తుంది. అక్కడ వేడి వదిలేసి ద్రవంగా మారుతుంది. సన్నటి కేపిలరీలోంచి దూరేసరికి పీడనం పడిపోతుంది. లోపలి కాయిల్‌లో మరిగి, గదిలోని వేడిని లాక్కుని మళ్లీ కంప్రెసర్ దగ్గరికే చేరుతుంది. అంతా సీలు వేసిన రాగి గొట్టాల్లోనే. పదేళ్లు తిరిగినా అదే గ్యాస్, అదే తూకం. తగ్గిందంటే ఎక్కడో లీకుందని అర్థం. లీకుంటే ముందు దాన్ని మూయాలి. ఈ మాత్రం తర్కం తెలిసినవాళ్లను మెకానిక్కులు "ఇంటర్నెట్ చూసే కస్టమర్లు" అని దూరం పెడతారు.

రోగనిర్ధారణ మాత్రం కన్నులపండుగ్గా ఉంటుంది. ముందు రెండు వేళ్లతో పైపు పట్టుకుని, కళ్లు అరమోడ్చి, నాడి చూసే వైద్యుడిలా ఓ క్షణం మౌనం. తర్వాత సంచీలోంచి పీడనం చూపే గేజ్ బయటికొస్తుంది. దాన్ని తగిలించేటప్పుడు బుస్సుమని కాస్త గ్యాస్ పోతుంది. ఆ చప్పుడుతో ఇంటివారికి సగం భక్తి కుదురుతుంది. ఇక ముల్లు చూపించడం. మిషన్ ఆపేసి ఉండగా చూపిస్తే మరీ రమ్యం. ఎందుకంటే ఆపిన మిషన్‌లో ముల్లు చెప్పేది ఆ రోజు ఎండ ఎంతుందన్నదే. ఆర్-22 అనే రకం గ్యాస్ 30 డిగ్రీల దగ్గర 158 పీఎస్ఐ (పీడనానికి కొలత) దరిదాపుల్లో చూపిస్తుంది. లోపల కిలో ఉన్నా అంతే, పావుకిలో ఉన్నా అంతే. కాస్తంత ద్రవం మిగిలి ఉన్నంతసేపూ ముల్లు కదలదు. అయినా సరే, ముల్లు పైన ఉంటే "ప్రెషర్ తేడాగా ఉంది", కింద ఉంటే "చూశారా, లేదు". మధ్యలో ఉంటే "ఇంకో వారంలో పోతుంది". జ్యోతిషంలో కూడా ఇంత వెసులుబాటు లేదు.

ఈ తంతు సాగినంతసేపూ లోపలి ఫిల్టరు దుమ్ముతో దుప్పటిలా తయారై అక్కడే వేలాడుతూ ఉంటుంది. గాలి ఆడకపోతే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. గ్యాస్ తగ్గినా మంచే పేరుకుంటుంది. రెండింటికీ తేడా తెలియాలంటే ఫిల్టరు కడిగి, కాయిల్, బ్లోయర్ శుభ్రం చేసి, మంచు పూర్తిగా కరిగాక నడిపి చూడాలి. నీళ్ల ఖర్చు తప్ప ఇంకేమీ కాదు గనక ఈ పరీక్షకు గౌరవం లేదు. బయటి యూనిట్‌లో కంప్రెసర్ మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ సంగతీ అంతే. దాని ఒంటిమీద సామర్థ్యం 35 మైక్రోఫారడ్లు అని రాసి ఉండి మీటర్ 22 చూపిస్తే కంప్రెసర్ మూలిగి ఊరుకుంటుంది. రెండు వైర్లు పీకి (ముందు కరెంటు ఆపి, కెపాసిటర్‌లో నిలవున్నది డిశ్చార్జి చేసి) కొత్తది పెడితే సరి. కానీ అంత చిన్న వస్తువు చూపించి పెద్ద బిల్లు ఎలా అడుగుతాడు పాపం!

సరే, నిజంగానే గ్యాస్ తగ్గిందనుకుందాం. అసలు వినోదం ఇక్కడే. పద్ధతి ప్రకారమైతే ముందు పైపులు కలిసేచోట బిగించే ఫ్లేర్ నట్ల దగ్గర నూనె మరక వెతకాలి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిలూ తిరుగుతుంది కాబట్టి లీకున్నచోట జిడ్డు తేలుతుంది. తర్వాత నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ పూసి, బుడగ ఎక్కడ లేస్తుందో చూడాలి. లీకు మూశాక ప్రెషర్ నిలబడిందో లేదో కాసేపు ఆగి చూడాలి. ఆ తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలిని, తేమను పీడనం 500 మైక్రాన్లకు పడేదాకా లాగాలి. మామూలు గాలి ఒత్తిడి 7,60,000 మైక్రాన్లు, అంటే దాదాపు ఏమీ మిగలకుండా లాగాలన్నమాట. తేమ మిగిలితే ఆయిల్‌తో కలిసి ఆమ్లం పుట్టి, నెమ్మదిగా కంప్రెసర్ మోటారులోని తీగచుట్టను (వైండింగ్‌ను) తినేస్తుంది. చివరిగా సిలిండర్‌ను కాటా మీద పెట్టి, బయటి యూనిట్ స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు రాసి ఉంటే అన్నే ఎక్కించాలి. ఆర్-410ఏ రకం గ్యాసైతే ద్రవంగానే ఎక్కించాలి, అది రెండు గ్యాసుల మిశ్రమం గనక ఆవిరిగా తీస్తే పాళ్లు మారొచ్చు.

మన దగ్గరికొచ్చినవాడి పద్ధతి: నట్టు వదులు చేసి బుస్సుమనిపించడం ("ఎయిర్ తీసేశా సార్"), కాటా లేకుండా సిలిండర్ తిప్పడం, పైపు ముట్టుకుని "చల్లగా వస్తోంది చూడండి" అనడం. మనమూ ముట్టుకుని తలాడించడం. పాత గ్యాస్ మిగిలి ఉంటే ఆకాశానికి నైవేద్యం. ఆర్-22 లాంటివి ఓజోన్ పొరను తింటాయి. ఆ పొరను కాపాడాలని దేశాలు 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం రాసుకున్నాయి గానీ ఆ కబురు స్పానర్‌కు అందలేదు. లీకు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. వచ్చే ఏడాది ఇదే నెలలో ఇతనే మళ్లీ వస్తాడు. దీన్నే సేవారంగంలో అనుబంధం అంటారు.

నవ్వులాట ఇక్కడిదాకానే. నైట్రోజన్ సిలిండర్ మోసుకురావడం బరువని, వెల్డింగు సెట్టులోని ఆక్సిజన్‌నే పైపుల్లోకి ఎక్కించి లీకు చూసేవాళ్లున్నారు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు కంప్రెసర్ ఆయిల్ తగిలితే పేలుతుంది. పేలినప్పుడు ఎదురుగా ఉండేది ఏసీ కొనుక్కున్నవాడు కాదు, మోకాళ్ల మీద కూర్చుని గేజ్ చూస్తున్న కుర్రాడు. ఆర్-32 మండే గుణమున్న గ్యాస్. దాన్ని పూర్తిగా తీయకుండా వెల్డింగుకని పైపుకు మంట పెట్టేదీ అతనే. ఈ రెండు మాటలూ ఆ పిల్లాడికి చెప్పకుండా నాలుగు వీడియోలు చూపించి, కంపెనీ చొక్కా తొడిగి, ముప్పావు గంటకో ఇల్లు చొప్పున తిప్పుతున్నారే, వాళ్లకు సిగ్గుండాలి. లీకు వెతికి మూసి వాక్యూమ్ చేయడానికి పూట పడుతుంది. ముప్పావు గంటలో అయ్యేది అబద్ధం ఒక్కటే. ఆ అబద్ధాన్ని కుర్రాడి నోట చెప్పించి, ఐదు స్టార్లు కూడా అతని చేతే అడిగించి, తిట్లు మాత్రం అతని వాటాకు వదిలేస్తారు.

మనమేం తక్కువ తినలేదు. పంపు, కాటా, నైట్రోజన్ తెచ్చుకుని, "పూట పడుతుంది, ఇంతవుతుంది" అని నిజం చెప్పినవాణ్ణి దొంగని చూసినట్టు చూసి పంపేస్తాం. గంటలో తేల్చేస్తానన్నవాణ్ణి "హస్తవాసి మంచిది" అని పక్కింటికి కూడా పరిచయం చేస్తాం. నిజాయతీపరుడు రెండు వేసవులు ఖాళీగా కూర్చుని, మూడో వేసవికి పంపు అమ్మేసి, పైపు ముట్టుకోవడం నేర్చుకుంటాడు. ఆ తర్వాత అతణ్ణి చూపించి, రోజులు బాగాలేవంటాం.

నమ్మకం కావాలన్న పెద్దలకు ఓ చిన్న ఏర్పాటు. మెకానిక్ ముఖంలో నిజాయతీ వెతకడం మానేసి స్టిక్కర్ మీది గ్రాములు ఒక కాగితం మీద రాసుకోండి. మిషన్ నడుస్తుండగా ప్రెషరెంత, వైరుకు తగిలించే క్లాంప్ మీటర్‌లో కరెంటెంత అని అడిగి పక్కనే రాయండి. లీకు ఎక్కడో వేలితో చూపించమనండి. పీకేసిన కెపాసిటర్ ఇచ్చేసి వెళ్లమనండి. ఆఖర్న కాటా ఏదని అడగండి. పని తెలిసినవాడు కిందికెళ్లి బండిలోంచి తెస్తాడు, కాస్త సంతోషపడతాడు కూడా. రెండో రకం వాడికి సరిగ్గా అప్పుడే ఎక్కణ్నుంచో అర్జెంటు ఫోనొస్తుంది.