వాయిదా గారూ, మీకింక వయసైపోలేదా సామీ?

మహారాజశ్రీ వాయిదా గారికి, చిత్తూరు నుంచి దండాలు పెట్టి రాస్తా ఉండా.

మీరు బాగానే ఉంటారు, మీకేం. ముద్దాయికి జ్వరమొస్తే మీకు బలం, వాళ్ళ పెదనాయన పోతే మీకు బలం (ఒక్కో కేసులో ఆ పెదనాయన రెండు మూడు సార్లు పోతాడు, పాపం), జూనియర్ లాయరు నల్లకోటు సర్దుకుంటా "సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు సార్, టైం కావాలి" అన్నాడంటే ఇంక మీకు పండగే.

నిన్న మీ గురించి చట్టంలో ఏముందో చదివినా, నవ్వాగలేదు. క్రిమినల్ కేసులు ఎట్లా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 309, 2024 జూలై 1 నుంచి దాని బదులొచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 346. సాక్షుల విచారణ మొదలయ్యాక రోజూ జరగాలంట, మర్నాటికి మించి వాయిదా వేస్తే జడ్జి గారు కారణం రాయాలంట. పార్టీ అడిగిందని ఇచ్చేదానికి లేదు, వాళ్ళ చేతిలో లేని పరిస్థితి వస్తే తప్ప, అదీ ఇప్పుడు అవతలివాళ్ళ అభ్యంతరం విని రెండుసార్లకి మించకుండా. లాయరు ఇంకో కోర్టులో ఉన్నాడనేది అసలు కారణమే కాదని 2008 సవరణలోనే రాసిపెట్టినారు! సాక్షి వచ్చి కూర్చోనుంటే, లాయరు రాకపోయినా, వచ్చి రెడీగా లేనన్నా, జడ్జి గారు వాంగ్మూలం తీసుకుని క్రాస్ (అవతలి లాయరు అడిగే ఎదురు ప్రశ్నలు) లేకుండానే ముందుకు పోవచ్చు. ఇంత రాసినా మీరు చెక్కుచెదరలా, అందుకే మీకు దండం.

మీకు కనపడని మనిషి ఒకాయన ఉంటాడు, సాక్షి. పలమనేరు పక్క పల్లెలో తెల్లారకముందే ఆవులకి పాలు పిండి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఫస్ట్ బస్సెక్కి వచ్చి, కోర్టు వరండాలో మధ్యాన్నం దాకా నిలబడితే "ఈరోజు లేదు, సమన్లు మళ్ళీ వస్తాయి పో" అంటారు. తిరుమల కంపార్ట్‌మెంట్లో కూర్చున్నోడికి ఎప్పటికైనా తలుపు తీస్తారనే నమ్మకమన్నా ఉంటాది, ఈయనకి అదీ లేదు. మూడోసారికి ఆయనకి చూసింది సగం మర్చిపోయుంటాది, మిగతా సగం ముద్దాయి తరఫువాళ్ళు ఇంటికొచ్చి మర్చిపోయేలా చేసుంటారు. పంజాబ్‌లో ఒక లంచం కేసులో సాక్షి చీఫ్ (పిలిచిన పక్షం లాయరు ముందు అడిగే ప్రశ్నలు) అయ్యాక క్రాస్‌కి దాదాపు 20 నెలలు పట్టింది, ఆలోపు ఆయన మాట తిరగబడింది, 2015లో సుప్రీంకోర్టు దాని మీద గట్టిగానే తిట్టింది. మీరు చదివే ఉంటారు, మీ గురించే కదా.

అట్లని మిమ్మల్ని ఊరినుంచి తరిమేయమని నేననను. మధ్యప్రదేశ్ కేసొకటుంది, ముద్దాయికి లీగల్ ఎయిడ్ లాయరుని (ఫీజు లేకుండా ఇచ్చే లాయరు) ఇచ్చిన రోజే నేరారోపణలు ఖాయం చేసి రెండు వారాల్లోపే ఉరిశిక్ష వేసేసినారు, ఆ లాయరు కాగితాలు ఎప్పుడు చదివాడో దేవుడికే తెలియాల. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి మొదట్నించి విచారించమంది, ఉరి గానీ యావజ్జీవం గానీ పడే కేసుల్లో అట్లా ఇచ్చిన లాయరుకి కనీసం 7 రోజులన్నా టైమియ్యాలంది. అంటే నిజంగా ఫైలు చేతికి రానోడికీ, ఆస్పత్రిలో పడున్నోడికీ మీరు కావాల్సిందే. చిక్కంతా ఎక్కడంటే, పెట్టిన పిటిషన్లో నిజమైన అవసరానికీ, దొంగసాకుకీ భాష ఒకటే, "అనివార్య కారణాల వల్ల". ఆ అనివార్యం ఏందో చూపించు అని అడిగే జడ్జి గారు వచ్చిన రోజు మీకు కొంచెం ఆయాసం వస్తాదేమో చూసుకోండి.

ఇంకోటి, వాయిదా ఇచ్చినా ఖర్చులు కట్టమని షరతు పెట్టే అధికారం జడ్జి గారికి ఉంది. ఈసారి ఎవరన్నా మిమ్మల్ని అడిగితే, లెక్క పలమనేరు బస్ చార్జీ కాడినుంచి మొదలుపెట్టి, మధ్యాన్నం భోజనం, పిండకుండా పోయిన సాయంత్రం పాలు కూడా కలపమని నా మాటగా చెప్పండి.

ఇట్లు,
వరండాలో మీ పేరు పిలిచినప్పుడల్లా ఉలిక్కిపడే ఒక చిత్తూరోడు